కోళ్ల గూటి కంపు: సున్నం తీర్చేదెంత, ఊక తీర్చేదెంత

పల్నాడులో కోళ్ల గూడు కంపు కొడుతోందంటే ఇంట్లోవాళ్ల చెయ్యి ముందుగా వెళ్లేది సున్నం మీదికే. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు ఉన్న సీమలో అది సహజం. తడిసిన ఊక మీద రెండు గుప్పిళ్లు పొడి సున్నం జల్లితే గూడు తెల్లబడుతుంది, శుభ్రం చేసినట్టే కనిపిస్తుంది. వాసన మాత్రం తగ్గకపోగా ఇంకా ఘాటెక్కుతుంది. గుడ్లు తీయడానికి లోపలికి వంగిన మనిషికి కళ్లు మండుతాయి. సున్నం చాలలేదేమో అనుకుని ఇంకో గుప్పెడు వేసేవాళ్లూ ఉంటారు.

ఆ ఘాటుకు కారణం సున్నమే. ఎందుకలా అవుతుందో తెలిస్తే గూటి శుభ్రత గురించి పెరళ్లలో వినిపించే సలహాల్లో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో తేల్చుకోవడం కష్టం కాదు.

ఈ ప్రశ్నకు ఇప్పుడు ప్రాధాన్యం పెరిగింది. 2019 నాటి 20వ పశుగణన దేశంలో పెరటికోళ్లను 31.7 కోట్లుగా లెక్కించింది. 2012 గణనతో పోలిస్తే ఇది దాదాపు 46 శాతం ఎక్కువ. పెద్ద ఫారాల్లోవి కూడా కలిపి చూస్తే అదే కాలంలో మొత్తం కోళ్ల సంఖ్య పెరిగింది 17 శాతం లోపే. అంటే ఫారాల కంటే పెరళ్లే వేగంగా నిండాయి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు పల్లె ఇళ్లకు చేరాయి. నాటుకోడి మాంసానికి, గుడ్లకు గిరాకీ పెరిగింది. మరోవైపు పెరళ్లు కుంచించుకుపోయాయి. ఒకప్పుడు దొడ్డి చివర చింతచెట్టు కింద ఉండే గూడు ఇప్పుడు నరసరావుపేట శివారు కాలనీలో పక్కింటి వంటగది కిటికీకి నాలుగు అడుగుల దూరంలో ఉంటోంది.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు 5,000 కోళ్లకు పైబడిన ఫారాలను ఉద్దేశించినవి. నివాసాలకు ఫారం 500 మీటర్ల దూరంలో ఉండాలన్న నియమం అలాంటివాటికే. పది కోళ్ల గూటికి అంత దూరం ఎవరూ అడగరు. ఇక్కడ కొలబద్ద పక్కింటివాళ్ల ముక్కే. కంపు వల్ల మాటా మాటా పెరిగి చివరికి కోళ్లను అమ్మేసుకున్న ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి.

వాసన పుట్టే చోటు

కోడికి మూత్రం విడిగా ఉండదు. శరీరంలో వాడగా మిగిలిన నత్రజని యూరిక్ ఆమ్లంగా మారి రెట్టతోనే బయటికి వస్తుంది. రెట్ట మీద కనిపించే తెల్లటి భాగం అదే. పొడిగా ఉన్నంతసేపు యూరిక్ ఆమ్లానికి పెద్దగా వాసన ఉండదు. ఎండలో ఎండిపోయిన రెట్టను చేటలోకి ఎత్తినా ముక్కు మూసుకోవాల్సిన పని లేకపోవడానికి కారణం ఇదే. తడి తగలగానే సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొట్టి మొదట యూరియాగా, ఆ తర్వాత అమోనియాగా మారుస్తాయి. వేడి ఎక్కువైతే ఆ పని ఇంకా చురుగ్గా సాగుతుంది.

గూటిలో వచ్చే వాసనలు రెండు రకాలు, వాటిని వేరుచేసి గుర్తుపట్టాలి. కళ్లు మండించి, ముక్కులో గుచ్చుకునేది అమోనియా. ఊక తడిగా ఉండి, దానిలో గాలి కూడా ఆడుతున్నప్పుడు అది పుడుతుంది. రెండోది కుళ్లిన గుడ్డు వాసన. ఊక నీళ్లలో నానిపోయి, అట్టకట్టి, అడుగుకు గాలి అందనప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్, కొన్ని ఆమ్లాలు పుట్టి ఈ కంపు వస్తుంది. మొదటి దానికి ఊకలో తడి తగ్గించి, గూటిలోకి గాలి వచ్చిపోయేలా చేస్తే సరిపోతుంది. రెండోది వచ్చిందంటే ఆ భాగం తీసి పారేయాల్సిందే, తిరగేయడం వల్ల ప్రయోజనం లేదు.

అమోనియా విషయంలో మనిషి ముక్కును పూర్తిగా నమ్మలేం. గాలిలో పది లక్షల వంతుల్లో సుమారు 20 వంతులకు చేరితేగానీ చాలామందికి అది తెలియదు. రోజూ గూటిలోకి వెళ్లేవాళ్ల ముక్కు దానికి అలవాటుపడి అంతకంటే ఎక్కువున్నా పసిగట్టదు. కోళ్ల పెంపకంలో 25 వంతులు దాటకూడదన్నది సాధారణంగా పాటించే హద్దు. అదీకాక మనిషి ముక్కు అయిదడుగుల ఎత్తున ఉంటే కోడి ముక్కు ఊకకు జానెడు దూరంలోనే ఉంటుంది. అందుకే గూటిని పరీక్షించాలంటే ఉదయం తలుపు తీసిన వెంటనే, గాలి మారకముందే, మోకాళ్ల మీద కూర్చుని కోడి తల ఎత్తులో ఒకసారి గాలి పీల్చి చూడాలి. ఇంట్లో రోజూ ఆ పని చేసేవాళ్లు కాకుండా మరొకరు చూస్తే ఇంకా నయం.

సున్నం, బూడిద, పటిక

ఊకలో పుట్టిన అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది. పులుపు వైపు ఉన్న ఊకలో అది అమ్మోనియం లవణంగా ఊకను అంటిపెట్టుకుని ఉంటుంది, గాలిలోకి రాదు. ఊక క్షారగుణం వైపు మళ్లేకొద్దీ వాయువుగా మారి పైకి లేస్తుంది. పులుపు, క్షారగుణాలను కొలిచే పీహెచ్ 7 కంటే తక్కువ ఉంటే బయటికి వచ్చేది నామమాత్రం. 8 దాటితే జోరు అందుకుంటుంది. తడి తగిలిన పొడి సున్నం పీహెచ్ 12 పైమాటే. తడిసిన ఊక మీద దాన్ని చల్లడమంటే అప్పటిదాకా ఊకలో దాగి ఉన్న అమోనియాను ఒక్కసారిగా గాలిలోకి తోలడమే.

మరి సున్నం వేయమన్న సలహా పుస్తకాల్లోకి ఎలా వచ్చింది? 1940లలో అమెరికాలోని ఒహాయో వ్యవసాయ పరిశోధన కేంద్రంలో డి. సి. కెన్నార్డ్, వి. డి. చాంబర్లిన్ గూటి పరుపును, అంటే లిట్టర్‌ను, ఎత్తివేయకుండా నెలల తరబడి పేర్చుకుంటూ పోయే పద్ధతిని పరీక్షించారు. ఇవాళ మనం డీప్ లిట్టర్ అంటున్న పద్ధతికి గట్టి పునాది వేసింది ఆ పనే. లిట్టర్ అట్టకట్టకుండా పొడిపొడిగా ఉండటానికి పొడి సున్నం కలిపి తిప్పడం ఆనాటి సలహాల్లో ఒక భాగం. పొడిగా ఉన్న లిట్టర్‌లో కొద్దిగా కలిపి తిప్పడం వేరు, కంపు కొడుతున్న తడి ఊక మీద గుప్పిళ్లతో చల్లడం వేరు. సలహా ఊరూరా పాకిన క్రమంలో ఈ తేడా మాయమైంది.

సున్నానికి గూటిలో సరైన సమయం ఒకటుంది. పాత ఊకంతా ఎత్తి, నేల గీకి, కడిగి, ఆరబెట్టిన తర్వాత గోడలకు, నేలకు సున్నం కొట్టడం చాలా మంచి పని. అప్పుడు ఆ క్షారగుణమే రోగక్రిముల మీద పనిచేస్తుంది. గూడు పూర్తిగా ఆరాకే ఊక పరిచి కోళ్లను వదలాలి. కాల్చిన రాతిసున్నం ముక్కలను మాత్రం కోళ్లు తిరిగే చోట వేయకూడదు. తడి తగిలితే అవి వేడెక్కి కాళ్లనూ కళ్లనూ కాలుస్తాయి.

కట్టెపొయ్యి బూడిదదీ ఇదే స్వభావం. అదీ క్షారమే కాబట్టి తడి ఊకలో వేస్తే వాసన పెంచుతుంది. దాన్ని వాడాల్సిన చోటు వేరు. గూటి బయట చూరు కింద చిన్న గుంటలో పొడి మట్టి, బూడిద కలిపి ఉంచితే కోళ్లు అందులో పొర్లాడి ఒంటి మీది పేలను, పిడుదులను వదిలించుకుంటాయి. పాత తరం వాళ్లు బూడిదను ఇందుకే వాడేవాళ్లు.

పులుపు వైపు పనిచేసేవాటిలో పటిక జాతి ముఖ్యమైనది. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త ఫిలిప్ మూర్, ఆయన సహచరులు ఆర్కాన్సాలో 1990ల నుంచి చేసిన ప్రయోగాల్లో కోళ్ల లిట్టర్‌లో అల్యూమినియం సల్ఫేట్ కలిపితే అమోనియా బాగా తగ్గింది, వానకు కొట్టుకుపోయే భాస్వరం కూడా తగ్గింది. నీళ్ల ట్యాంకుల్లో మట్టి తేర్చడానికి వాడే పదార్థం ఇదే. అక్కడి ఫారాల్లో వాడే మోతాదు చదరపు అడుగుకు సుమారు 25 నుంచి 45 గ్రాములు. మెత్తగా నూరి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, కోళ్లు బయట ఉన్నప్పుడు ఊకలో కలిపి తిప్పాలి. పటిక, సున్నం రెండూ కలిపి వేస్తే ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి, డబ్బు దండగ. సూపర్ ఫాస్ఫేట్ ఎరువుకూ అమోనియాను కొంత పట్టి ఉంచే గుణం ఉంది, అయితే కోళ్లు పొడుచుకు తినే ప్రమాదం ఉన్నందున పెరటి గూటిలో దాన్ని దూరంగా పెట్టడమే మేలు.

బ్లీచింగ్ పౌడర్ గురించి గట్టిగా చెప్పుకోవాలి. వానాకాలం వీధి కాలువల్లో చల్లే పొడినే కొందరు గూటిలోనూ చల్లుతారు. అమోనియా ఉన్న తడి ఊకలో బ్లీచింగ్ పడితే క్లోరమిన్ అనే విషవాయువులు పుడతాయి. తలుపు వేసిన చిన్న గూటిలో అవి కోళ్ల ఊపిరితిత్తులకూ, చల్లిన మనిషి ఊపిరితిత్తులకూ ప్రమాదం. ఊక తీసేసి, కడిగేసిన ఖాళీ గూటిలో తప్ప బ్లీచింగ్ ముట్టుకోకూడదు. ఫినాయిల్ ఒక వాసనను ఇంకో వాసనతో కప్పడానికి మించి ఈ సమస్యలో చేసేదేమీ లేదు.

తడి లెక్క

ఏ పొడి చల్లాలన్న ప్రశ్న కంటే ముందు రోజుకు ఎంత నీరు ఊకలో పడుతోందన్న ప్రశ్న వేసుకోవాలి.

ఎదిగిన కోడి రోజుకు సుమారు 100 గ్రాముల రెట్ట వేస్తుంది, అందులో ముప్పాతిక భాగం నీరే. పది కోళ్లు రోజంతా గూటిలోనే ఉంటే కిలో రెట్ట, అంటే ముప్పావు లీటరు నీరు ఊకలోకి చేరుతుంది. ఇప్పుడు రెండు లీటర్ల నీళ్ల గిన్నెను ఒక కోడి ఎక్కి దొర్లించిందనుకుందాం. ఒక్క నిమిషంలో దాదాపు మూడు రోజుల రెట్టల తడి ఒకే చోట పడినట్టు. గూటిలో కంపు వచ్చే చోట తవ్వి చూస్తే ఎక్కువసార్లు అది నీళ్ల గిన్నె చుట్టూ ఉన్న రెండడుగుల జాగానే.

నివారణ ఖర్చులేనిది. గిన్నె అంచు కోడి వీపు ఎత్తులో ఉండాలి. రెండు ఇటుకల మీద నాపరాయి ముక్క వేసి దానిపై గిన్నె పెడితే ఒలికిన నీరు ఊకలోకి ఇంకదు. గిన్నె బదులు కోళ్ల కోసం అమ్మే గంట ఆకారపు డబ్బా అయితే ఇంకా మంచిది. చీకట్లో కోళ్లు నీళ్లు తాగవు, మేత తినవు. కాబట్టి రాత్రి గూటిలో నీళ్లు ఉంచాల్సిన పనే లేదు. సాయంత్రం కోళ్లు గూడెక్కగానే గిన్నె బయట పెట్టేసి, తెల్లవారగానే తిరిగి పెడితే చాలు.

నాటుకోళ్లు పగలంతా బయట తిరుగుతాయి కాబట్టి పెరటి గూటిలో పడే రెట్టలో ఎక్కువ భాగం రాత్రిదే. రోజు మొత్తంలో వేసే రెట్టలో దాదాపు సగం, కోళ్లు కర్ర మీద కూర్చుని నిద్రపోయే వేళ పడుతుంది. అదంతా కర్ర కింద అడుగున్నర వెడల్పు బద్దలోనే. ఆ బద్ద కింద పాత రేకు ముక్కో, ప్లాస్టిక్ గోనెపట్టానో పరిచి, దాని మీద దోసెడు ఊక చల్లి, ఉదయాన్నే చుట్టి తీసుకెళ్లి ఎరువు కుప్పలో దులిపితే గూటిలో మిగిలే రెట్ట చాలావరకు తగ్గిపోతుంది. అయిదు నిమిషాల పని. వాసన మీద దీనికున్నంత ప్రభావం కొట్టులో కొనే ఏ పొడికీ లేదు.

పొదిగే పెట్ట సంగతి వేరు. అది రోజుకొకసారి మాత్రమే గుడ్ల మీద నుంచి లేచి, దాచుకున్నదంతా ఒకేసారి పెద్ద రెట్టగా వేస్తుంది. దాని కంపు మామూలు రెట్ట కంటే చాలా ఎక్కువ. ఆ పెట్ట దిగే వేళ కనిపెట్టి, అది పొదిగే గంపను గూటి బయట నీడలో ఉంచితే రెట్ట బయటే పడుతుంది.

ఏది పరచాలి

పల్నాడులో పరుపుకు కొరత లేదు. సాగర్ కుడి కాలువ కింద వరి పండే చోట మిల్లుల్లో ఊక దొరుకుతుంది. వేరుశనగ పొట్టు, కంది పొట్టు, వరిగడ్డి, రంపపు పొట్టు, పత్తి కట్టె అన్నీ ఈ నేల మీదివే. వాటిలో ఏది మేలన్న దానికి ఒక్క మాటలో జవాబు లేదు. పీల్చుకునే శక్తి ఒక గుణమైతే పీల్చుకున్నదాన్ని త్వరగా ఆరబెట్టే శక్తి ఇంకో గుణం.

ఊకలో సిలికా ఎక్కువ. అది నీటిని మరీ ఎక్కువగా పీల్చదు, కానీ పొట్టు మధ్య గాలి ఆడటం వల్ల త్వరగా ఆరుతుంది, సులభంగా అట్టకట్టదు, నెమ్మదిగా కుళ్లుతుంది. తెలుగు రాష్ట్రాల ఫారాల్లో ఊకే రాజ్యమేలడానికి ధర ఒక్కటే కారణం కాదు. రంపపు పొట్టు ఊక కంటే బాగా పీలుస్తుంది, దుమ్ము ఎక్కువ. మందు కొట్టిన కలప నుంచి వచ్చిన పొట్టు అసలు వాడకూడదు. వరిగడ్డి పొడవుగా పరిస్తే చాపలా అల్లుకుని కింద తడి ఆరకుండా పట్టేస్తుంది. రెండంగుళాల ముక్కలుగా నరికితే పనికొస్తుంది. వేరుశనగ పొట్టు మెత్తగా, తేలిగ్గా బాగుంటుంది గానీ వానకు తడిసిన బస్తాలో బూజు పట్టే గుణం ఎక్కువ. బూజు పట్టిన ఏ పరుపైనా కోడిపిల్లల ఊపిరితిత్తులకు ముప్పే. ఆస్పర్జిల్లస్ అనే బూజు తెచ్చే జబ్బు పిల్లల్ని గుంపుగా చంపుతుంది. బస్తా విప్పగానే ముక్కిపోయిన కంపు వస్తే దాన్ని ఎరువు కుప్పకు పంపాలి.

మిర్చి యార్డుల దగ్గర, కల్లాల్లో కుప్పలుగా మిగిలే తొడిమల గురించి కొందరు ఆలోచిస్తారు. పక్షులకు మిరప కారం తెలియదు, వాటి నరాలకు ఆ స్పర్శ లేదు. కానీ ఆ పరుపును తిరగేసే మనిషికి దగ్గూ తుమ్మూ తప్పవు. పైగా పైరు మీద కొట్టిన పురుగుమందుల అవశేషాల భయం ఉంది. అది వద్దు. పత్తి కట్టెను యంత్రంతో సన్నగా తురిమితే మంచి పరుపు కాగలదు. పంట అయిపోయాక పొలంలోనే తగలబెట్టే ఆ కట్టెను వాడుకోవడానికి గ్రామస్థాయిలో ఒక తురుము యంత్రం చాలు. దానికీ మందుల జాగ్రత్త వర్తిస్తుంది కాబట్టి వానకు తడిసి ఎండిన పాత కట్టెను ఎంచుకోవడం మంచిది.

ఎంత పరచాలన్నది లెక్కగా చెప్పుకోవచ్చు. పది కోళ్లకు 30 చదరపు అడుగుల గూడు, నాలుగంగుళాల మందం అనుకుంటే పది ఘనపుటడుగుల ఊక కావాలి. బరువులో అది సుమారు 30 కిలోలు. కొత్తగా గుడ్డు నుంచి వచ్చిన పిల్లలకు మొదటి రెండు మూడు రోజులు ఊక మీద పాత న్యూస్‌పేపర్లు పరవాలి, లేకుంటే మేతనుకుని ఊకే తింటాయి.

పరుపు ఎలా ఉందో చెప్పే పరీక్షకు పరికరం అక్కర్లేదు. నీళ్ల గిన్నెకు దూరంగా ఒకచోట, దగ్గరగా ఒకచోట గుప్పెడు ఊక తీసి గట్టిగా పిడికిలి బిగించి వదలాలి. ముద్దలా నిలబడిపోతే తడి ఎక్కువైంది. వేళ్ల సందుల నుంచి దుమ్ముగా రాలిపోతే మరీ ఎండిపోయింది, ఆ దుమ్ము కూడా కోళ్ల గొంతుకు మంచిది కాదు. కాసేపు కలిసినట్టుండి వెంటనే విడిపోతే సరైన స్థితి, అంటే 20 నుంచి 30 శాతం తేమ.

ఒహాయో చలి, రెంటచింతల ఎండ

డీప్ లిట్టర్ మీద పుస్తకాలు చెప్పేది ఇది. పొడి కాలంలో నాలుగంగుళాలతో మొదలుపెట్టి, పైన కొత్త ఊక చేరుస్తూ ఆరు నుంచి ఎనిమిది అంగుళాలకు తేవాలి. వారానికోసారి తిరగేయాలి. సూక్ష్మజీవులు కుదురుకోవడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. ఆ తర్వాత రెట్ట లోపల్లోపలే చివికి మట్టి వాసన వచ్చే ఎరువుగా మారుతుంది. కెన్నార్డ్, చాంబర్లిన్ గమనించిన ఇంకో విశేషం ఉంది. పాత లిట్టర్ మీద పెరిగిన కోళ్లకు మేతలో లోటున్నా ఏదో పోషకం అందుతోందని వాళ్ల ప్రయోగాల్లో తేలింది. లిట్టర్‌లోని సూక్ష్మజీవులు తయారుచేసే బి12 విటమిన్ అందులో ముఖ్యమైనదని తర్వాత అర్థమైంది. ఆ విటమిన్‌ను విడిగా రాబట్టింది 1948లో.

అయితే ఆ పద్ధతి రూపుదిద్దుకున్నది గడ్డకట్టే చలి ఉన్న చోట. చివికే లిట్టర్ నుంచి వచ్చే వెచ్చదనం అక్కడ వరం. రాష్ట్రంలోకెల్లా ఎక్కువ ఎండ కాసే ఊళ్ల జాబితాలో ఏటా కనిపించే రెంటచింతల చుట్టుపక్కల మే నెలలో అదే వెచ్చదనం శాపం. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పుతూ ఒళ్లు చల్లబరుచుకుంటుంది. మామూలు రోజుల్లో పావు లీటరు తాగే కోడి వడగాడ్పుల్లో దానికి రెట్టింపు తాగుతుంది, రెట్ట పలచబడుతుంది. బయట నిప్పులు చెరిగే ఎండ ఉన్నా నీళ్ల గిన్నె పక్కన ఊక తడిగా ఉండటానికి కారణం ఇదే.

కాబట్టి పల్నాడులో డీప్ లిట్టర్‌ను కాలాన్ని బట్టి మలుచుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మందం రెండంగుళాలకు తగ్గించడం మన దగ్గర వేసవికి సిఫారసు చేసే పద్ధతే. పాత లిట్టర్‌ను ఆ సమయంలో ఎత్తేస్తే దుక్కులకు ముందు పొలానికి ఎరువు కూడా అందుతుంది. మట్టి వాసన వచ్చే ఆరోగ్యకరమైన పాత లిట్టర్ ఒక తట్టెడు పక్కన ఉంచుకుని, తొలకరికి ముందు కొత్త ఊకలో కలిపితే సూక్ష్మజీవుల పని త్వరగా అందుకుంటుంది. ఆ గూటిలో జబ్బు వచ్చి కోళ్లు చనిపోయి ఉంటే మాత్రం తట్టెడు కాదు కదా, గుప్పెడు కూడా మిగల్చకూడదు. జూన్ నుంచి నవంబరు దాకా నాలుగు నుంచి ఆరు అంగుళాల మందం, వారానికి రెండుసార్లు తిరగేయడం, ముసురు పట్టిన రోజుల్లో రోజూ తిరగేయడం అవసరం.

ముసురు, తుపాను వచ్చాక ఊక కంటే గూటి కట్టుబడే అసలు పరీక్షకు నిలుస్తుంది. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపాను లాంటి వానకు నేల మట్టానికి కట్టిన గూళ్లు తట్టుకోలేవు. నరసరావుపేట వైపు నల్లరేగడి ఒకసారి నానితే రోజుల తరబడి తడి వదలదు, అది అడుగు నుంచి ఊకలోకి ఎక్కుతుంది. గూటి నేలను అడుగు ఎత్తు లేపి, గ్రావెల్ నింపి, పైన నాపరాళ్లు పరిస్తే ఆ తడి ఆగుతుంది. మాచర్ల, దాచేపల్లి ప్రాంతంలో విరిగిన నాపరాయి ముక్కలు కారుచౌకగా దొరుకుతాయి. నాపరాయి నీరు పీల్చదు కాబట్టి దాని మీద ఊక మందంగా ఉండాలి, నేల కాస్త వాలుగా ఉండాలి. చూరు మూడడుగులు ముందుకు ఉంటే జల్లు లోపలికి కొట్టదు. గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ నేరుగా లోపలికి రాదు.

చలికాలంలో చాలామంది చేసే పొరపాటు గూటి చుట్టూ టార్పాలిన్ పట్టాలు బిగించి కట్టడం. పిల్లుల భయం, మంచు భయం అందుకు కారణాలు. అమోనియా గాలి కంటే తేలిక, పైకి లేస్తుంది. కోళ్ల ఊపిరిలోని తేమ కూడా పైకే పోతుంది. పైన దారి లేకపోతే రెండూ రేకుకు తగిలి, నీటి బొట్లై తిరిగి ఊక మీదే పడతాయి. కింద మూడడుగుల వరకు పట్టా కట్టి, చూరు కింద జానెడు మేర చుట్టూ జాలీ వదిలితే కోళ్లకు చలిగాలి నేరుగా తగలదు, వాసన నిలవదు, పిల్లి దూరదు.

కంపు వెనుక జబ్బులు

వాసన పక్కింటివాళ్ల సమస్య మాత్రమే అయితే ఇంత చెప్పుకోనక్కర్లేదు. అమోనియా కోడి శ్వాసనాళంలోని సన్నటి వెంట్రుకల పొరను దెబ్బతీస్తుంది. రోగక్రిములను బయటికి నెట్టే పొర అది. 20 వంతుల అమోనియాను రోజుల తరబడి పీల్చిన కోళ్లు కొక్కెర తెగులుకు త్వరగా లొంగిపోతాయని 1960లలోనే ప్రయోగాలు చూపించాయి. ఇంకా పెరిగితే కళ్లు వాచి, నీరు కారి, మూసుకుపోతాయి. టీకా వేయించినా కొక్కెర తెగులు వచ్చిందని బాధపడే ఇళ్లలో గూటి గాలిని కూడా ఒకసారి చూసుకోవాలి.

తడి ఊకలో పొంచి ఉండే ఇంకో ముప్పు రక్తపారుడు. రెట్టతో బయటపడే కాక్సీడియా గుడ్లు వెచ్చటి తడిలో ఒకటి రెండు రోజుల్లోనే రోగం అంటించే స్థితికి వస్తాయి. పొడి ఊకలో వాటికి ఆ అవకాశం తక్కువ. ఈగలదీ ఇదే కథ. మన వేడిలో ఈగ గుడ్డు నుంచి ఎదిగిన ఈగ దాకా వారం పది రోజుల పని. పురుగు బతకడానికి తడి కావాలి. వారానికోసారి ఊక తిరగేయమనడం వెనుక ఈ లెక్క కూడా ఉంది.

మనుషుల జాగ్రత్త గురించి పల్నాడుకు విడిగా చెప్పనక్కర్లేదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల ఫారాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఆ మార్చిలో నరసరావుపేటకు చెందిన ఒక చిన్నారి హెచ్5ఎన్1 వైరస్ సోకి మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది. పచ్చి కోడిమాంసం తినడం వల్ల సోకి ఉండవచ్చని వార్తలు వచ్చాయి, గూటి ఊకకు ఆ మరణంతో సంబంధం ఉందని కాదు. అయినా జబ్బు పడిన పక్షి రెట్టలో ఆ వైరస్ ఉంటుంది. గూడు ఊడ్చేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతికి తొడుగు, కాళ్లకు విడి చెప్పులు ఉండాలి. పొడి ఊకను దుమ్ము లేచేలా ఊడవకుండా కాస్త నీళ్లు చిలకరించి ఎత్తాలి. పసిపిల్లలను ఆ పనికి దూరంగా ఉంచాలి. కోళ్లు ఒక్కసారిగా చనిపోవడం మొదలైతే ఊకను ముట్టుకోకుండా పశువైద్యులకో, 1962 నంబరుకో ఫోన్ చేయాలి.

పొలానికి వెళ్లే దారి

గూటి నుంచి తీసిన ఊకకు పల్నాడులో గిరాకీ ఎక్కువే. మిరప రైతులు కోళ్ల ఎరువును లారీల లెక్కన కొంటారు. కోళ్ల ఎరువులో నత్రజని సుమారు 3 శాతం, భాస్వరం రెండున్నర శాతానికి పైగా ఉంటాయని మన వ్యవసాయ పట్టికలు చెబుతాయి. పశువుల ఎరువులో నత్రజని అర శాతం దగ్గరే. గూటిలో కళ్లు మండించే అమోనియా నిజానికి మిరప చేనుకు చేరాల్సిన నత్రజనే. కంపు కొట్టే గూటి ఎరువులో సత్తువ తక్కువ ఉండటానికి కారణం అదే.

పచ్చి రెట్ట నేరుగా నారుమడిలో వేస్తే మొలకలు మాడిపోతాయి. చెట్టు నీడన కుప్ప పోసి, ఊకా ఎండుటాకులూ ఎక్కువగా కలిపి, పిండితే చుక్క రాలీ రాలనంత తడి ఉంచాలి. వారం పది రోజులకోసారి తిరగేస్తుంటే రెండు మూడు నెలల్లో ఎరువు సిద్ధమవుతుంది. కుప్ప లోపల 55 డిగ్రీల వేడి కొన్ని రోజులు నిలిస్తే చాలా రోగక్రిములు చస్తాయి. చెయ్యి పెట్టలేనంత వేడి ఉందంటే కుప్ప సరిగ్గా పనిచేస్తున్నట్టు. ఎరువుకు సున్నం కలపాలన్న సలహా ఇక్కడా వద్దు, కలిపితే నత్రజని గాలిలో కలిసిపోతుంది.

ఇదంతా పెద్ద చదువు అక్కర్లేని విద్య. అయినా పెరటికోళ్ల శిక్షణల్లో జాతి గురించి, టీకాల గురించి, దాణా గురించి మాట్లాడినంతగా కాళ్ల కింది ఊక గురించి మాట్లాడరు. నరసరావుపేట, గురజాల డివిజన్లలో డ్వాక్రా సంఘాలకు కోడిపిల్లలు పంచే రోజున ఒక గూటి ముందు మహిళలను కూర్చోబెట్టి, తడి ఊక, పొడి ఊక చెరో గుప్పెడు చేతికిచ్చి పిడికిలి బిగించి చూడమనాలి. నీళ్ల గిన్నె ఎంత ఎత్తున పెట్టాలో, కర్ర కింద పట్టా ఎలా పరవాలో చూపాలి. సున్నం ఎప్పుడు వేయాలో, ఎప్పుడు వేయకూడదో చెప్పాలి. పిల్లలతో పాటు మొదటి బస్తా ఊక కూడా పథకంలోనే ఇస్తే అయ్యే ఖర్చు, ఒక్క విడత రక్తపారుడుకో కొక్కెర తెగులుకో పోయే కోళ్ల విలువ ముందు చాలా చిన్నది.